పక్కచూపు

లాప్‌టాప్ డబ్బా మూడు రోజులుగా భోజనాల బల్ల మీదే ఉంది. దాని చుట్టూ కంచాలు సర్దుకుని తింటున్నారు తప్ప, దాన్ని అంగుళం పక్కకు జరిపే ధైర్యం ఇంట్లో ఎవరికీ లేకపోయింది.

నాలుగో రోజు ఆదివారం. నాన్నకు బస్సు నడిపే డ్యూటీ లేదు. పొద్దున్నే డబ్బాకు అటు ఆయన, ఇటు కూతురు కూర్చున్నారు.

"ఇవాళైనా తెరుస్తావా లేదా?"

"తెరవను."

"ఏం లోటే దానికి? మీ క్లాసు పిల్లలందరూ అదే కొంటున్నారట. పుస్తకంలా పల్చగా ఉంది. సంచీలో పడేసుకుని పోవచ్చు."

"పుస్తకాలు చదవలేకే కదా నాన్నా కంప్యూటరు అడిగింది! మళ్ళీ పుస్తకమంత తెర తెచ్చిపెడితే దాన్నేం చేసుకోను, విసురుకోనా?"

నాయనమ్మ కిసుక్కున నవ్వి, కొడుకు మొహం చూసి నవ్వు మింగేసింది.

ఆ పిల్లను ఇంట్లో గువ్వ అంటారు. చిన్నప్పటి నుంచీ దేన్ని చూడాలన్నా మెడ ఓ పక్కకు వాల్చి కంటికొసతో చూసేది. నాయనమ్మ ముచ్చటపడి పెట్టిన పేరది. ఆ ముచ్చట వెనక జబ్బుందని కిందటేడు కళ్ళ డాక్టరు చెప్పేదాకా ఎవరికీ తట్టలేదు. చూపుకు సరిగ్గా నడిమధ్యన మచ్చ. ఎదురుగా ఉన్నది మసక, పక్కనున్నది నయం. ఎండ గానీ తెల్లకాగితం గానీ కళ్ళబడితే సున్నం కొట్టినట్టే. అద్దాలు పనిచేయవు, మందులు లేవు. గువ్వ గుడ్డిది కాదు. మనిషి మొహం చూడాలంటే మాత్రం చెవి వైపు చూడాలి, అంతే.

అలాంటి పిల్ల గణాంకశాస్త్రంలో సీటు తెచ్చుకుంది. పది రోజుల్లో క్లాసులు. పట్టికలు, వాటి నిండా చీమల్లాంటి అంకెలు. తనకేం కావాలో నెల రోజుల కిందటే చీటీ రాసి నాన్న చేతిలో పెట్టింది: ఇరవై ఏడంగుళాల తెర, దాన్ని మొహం దగ్గరికి లాక్కునేందుకు బల్లకు బిగించే ఇనపచెయ్యి, వేళ్ళకు తెలిసేలా టక్కుమనే కీబోర్డు, అక్షరాలు ఎంత పెద్దవి చేసినా నీరసపడని కంప్యూటరు పెట్టె. నాన్న ఆ చీటీ మడిచి జేబులో పెట్టుకుని, వెళ్ళి పల్చటి లాప్‌టాప్ తెచ్చాడు.

"నువ్వడిగింది చదువుకునే బల్లా, విమానం నడిపే గదా?" అన్నాడు నాన్న. "హాస్టలు గదిలో అంత సరంజామా పెడితే చూసినవాళ్ళేమనుకుంటారు? నీ సంగతి నలుగురికీ తెలిసిపోదూ?"

"తెలియనీ."

"తెలిస్తే సీటుంచుతారా?"

"ఉంచుతారు. నేనే రాశాను వాళ్ళకి."

అమ్మ కుర్చీ వెనక నిలబడి నాయనమ్మకు తల దువ్వుతోంది. ఆమె చేతిలో దువ్వెన ఆగిపోయింది.

"ఏమని రాశావు?" నాన్న గొంతు తగ్గింది.

"ఉన్నదున్నట్టు. పరీక్షలో అరగంట ఎక్కువ కావాలని, ప్రశ్నపత్రం పెద్దక్షరాల్లో ఇవ్వాలని. డాక్టరు కాగితం కూడా జతచేశాను."

"ఏ కాగితం?"

"ఇది వంశంలో వచ్చేదని, ఇంట్లో మిగతావాళ్ళు కూడా చూపించుకోవాలని రాసిచ్చారే, ఆ కాగితం."

నాన్న లేచి నిలబడ్డాడు. "నన్నడక్కుండా? ఇంటిగుట్టు ఊళ్ళో పెట్టే ముందు తండ్రినొక్క మాట అడగాలని తోచలేదూ?"

"కళ్ళు నావి కదా నాన్నా. గుట్టేమిటి అందులో?"

మాట లేనప్పుడు మగవాళ్ళు చేసే పనే నాన్న చేశాడు. మంచినీళ్ళు తాగాడు.

"ఎందుకురా దాన్నలా ఆడిపోసుకుంటావు?" అని నాయనమ్మ కలగజేసుకుంది. "మీ నాన్న మటుకు? గడియారం బాగుచేస్తుంటే కొంగలా మెడ వంకర పెట్టుకుని చూసేవారు. నలభై ఏళ్ళకే పనిముట్లు మూటకట్టి అటక మీద..."

"అమ్మా! నోరు మూస్తావా?"

గిన్నెలున్న అలమారా కూడా అదిరినట్టయింది. తల్లిని ఏనాడూ గదమాయించి ఎరగని మనిషి. నాయనమ్మ దువ్వీదువ్వని జుట్టుతో అలాగే ఉండిపోయింది. పక్కింటి వాళ్ళ కుక్కర్ మూడుసార్లు కూసింది.

చివరికి అమ్మే నోరు విప్పింది. "ఇద్దరూ వెళ్ళి ఆ దుకాణమేదో చూసి రండి. అదడిగిందేమిటో మీ కళ్ళతో మీరు చూసి, అప్పుడు వద్దనండి. చూడకుండా వద్దంటే నేనొప్పుకోను."

"మీ కళ్ళతో" అన్నచోట అమ్మ గొంతు కొంచెం ఒత్తి పలికినట్టు గువ్వకు అనిపించింది. అనిపించి, పోయింది.

* * *

దుకాణం ఇరుకు మెట్లెక్కితే మొదటి అంతస్తులో ఉంది. నడిపే ఆవిడ ముడిలో ఎప్పుడూ స్క్రూడ్రైవరు గుచ్చుకుని ఉంటుంది కాబట్టి వీధిలో అందరూ స్క్రూడ్రైవరక్క అంటారు. విడిభాగాలు తెచ్చి, అడిగినట్టు కంప్యూటర్లు బిగించి ఇస్తుంది. ఎవరొచ్చినా ముందు కుర్చీ చూపిస్తుంది, తర్వాతే సరుకు.

"నీకేం కావాలో చెప్పు చాలు. ఎందుకో చెప్పక్కర్లేదు."

"ఎందుకో కూడా చెప్తానక్కా" అంది గువ్వ. తండ్రి ఇబ్బందిగా కదలడం తెలుస్తున్నా ఆగలేదు. "నాకు మధ్యచూపు లేదు. పక్కచూపుతో చదువుతాను. తెలుపు మెరిస్తే నీళ్ళు కారతాయి."

"తెరకెంత దూరంలో కూర్చుంటావు?"

"జానెడు."

"అయితే మొదటి ఏడాదికే నడుం పడిపోతుంది. తెర నీ దగ్గరికి రావాలి తల్లీ, నువ్వు తెర దగ్గరికి పోవడమేమిటి?"

అక్క ఒక పెద్ద మోనిటరును ఇనపచేతికి తగిలించి, కొక్కెం వదులు చేసి ముందుకు లాగింది. అది చెప్పిన మాట వినే ఏనుగులా మెల్లిగా వచ్చి గువ్వ మొహం ముందు ఆగింది. గుమ్మం దగ్గరే చేతులు కట్టుకుని నిలబడ్డ నాన్న, "మంగలి కుర్చీకి అద్దం పెట్టినట్టుంది" అన్నాడు. అక్క నవ్వింది. గువ్వ నవ్వలేదు.

తెర వెలిగింది. పాలపొంగులా తెలుపు. గువ్వ గబుక్కున మొహం తిప్పుకుంది. వెనక నాన్న చెయ్యి కూడా కళ్ళకు అడ్డం వెళ్ళింది. ఆ సంగతి అక్క చూసింది.

"ఉండండి, మారుస్తాను."

రెండు మీటలు నొక్కగానే తెలుపంతా నల్లబడింది. నలుపు మీద పసుపు రంగు అక్షరాలు, ఒక్కోటీ బొటనవేలంత. ఏదో ఒకటి చూపించాలని మోనిటరుతో వచ్చిన సూచనల పత్రం తెరిచిందావిడ.

గువ్వ మెడ వాల్చి చదవబోయేంతలో వెనకనుంచి గొంతు వినపడింది.

"ఈ... యంత్రమును... తడి చేతులతో... ముట్టరాదు. నేరుగా... ఎండ తగులు చోట... ఉంచరాదు." ముందు రెండో తరగతి పిల్లాడిలా కూడబలుక్కున్న గొంతు, రెండో వాక్యానికి గాడిన పడింది. "లోపలి భాగములను మీరుగా విప్పినచో మేము బాధ్యులము కాము. శుభ్రపరచుటకు మెత్తని గుడ్డ వాడవలెను..."

నాన్న చదువుతున్నాడు. గుమ్మం వదిలి ఎప్పుడొచ్చాడో, కూతురి భుజం పక్కకు వచ్చి నిలబడి, మెత్తని గుడ్డ గురించి ఆబగా చదువుతున్నాడు. పేరా అయిపోతే ఆగలేదు, కింది పేరా అందుకున్నాడు.

నాన్న చదవగా విని ఎన్నాళ్ళయింది? గువ్వ జ్ఞాపకాల్లో వెనక్కి వెళ్ళి వెతికింది. పేపరు తిరగేస్తాడు, చదవడు. కరెంటు బిల్లు అమ్మ చదువుతుంది. శుభలేఖ వస్తే "అద్దాలెక్కడో పెట్టాను, నువ్వు చదువు" అంటాడు. ప్రతి వారం డ్యూటీ చార్టు ఇంటికి తెస్తాడు, అమ్మ పైకి చదివితే తలూపుతూ వింటాడు.

నెమ్మదిగా ఆయన వైపు తిరిగింది. మొహం కనపడాలని మెడ పక్కకు వాల్చింది.

నాన్న మెడ కూడా పక్కకు వాలి ఉంది.

"సార్ భలే చదువుతున్నారే!" అంది అక్క. "మంచి చూపున్న వాళ్ళకి ఇంతింత అక్షరాలు చిరాకండీ. చదవలేం, తీసెయ్యమంటారు. ఇష్టంగా చదివింది మిమ్మల్నే చూశాను."

నాన్న గొంతు టక్కున ఆగిపోయింది. వాక్యాన్ని మధ్యలోనే వదిలేసి, ఆయన గిరుక్కున తిరిగి మెట్లు దిగి వెళ్ళిపోయాడు. మెట్లు దిగేటప్పుడు గోడ తడుముకుంటూ దిగాడు. ఇంతకుముందు అది గువ్వ ఎప్పుడూ గమనించలేదు.

* * *

ఎదురుగా బస్టాపు బెంచీ. ఆయన అక్కడ కూర్చుని నల్లకళ్ళద్దాలు పెట్టుకున్నాడు. గువ్వ వెళ్ళి పక్కన కూర్చుంది. దూరం నుంచి బస్సొకటి వస్తోంది.

"నాన్నా, ఆ బస్సు నంబరెంత?"

"పన్నెండు" అన్నాడు తడుముకోకుండా.

"బోర్డు చూసి చెప్పావా?"

"పదకొండున్నరకి ఈ రోడ్డు మీదికి వచ్చేది పన్నెండే. పదిహేడేళ్ళుగా నడుపుతున్నవాణ్ణి నాకు నువ్వు చెప్తావా?"

గువ్వ ఫోను ఎత్తి ఫోటో తీసింది. వేళ్ళతో పెద్దది చేసి, మెడ వాల్చి చూసింది. "ముప్ఫై నాలుగు. అవతల రోడ్డు తవ్వారట, ఇవాళ ఇటు మళ్ళించారు. నాకూ కనపడలేదు నాన్నా. అందుకే ఫోటో తీశాను."

బస్సు వచ్చి ఆగింది, జనాన్ని దింపింది, ఎక్కించుకుంది, పోయింది. దాని పొగ కూడా పోయింది.

"ఎప్పటి నుంచి?" అంది.

ఆయన నల్లకళ్ళద్దాలు పైకి సర్దుకున్నాడు.

"రూటు మారుస్తామంటే ఎప్పుడూ ఒప్పుకోవు. పన్నెండో నంబరంటే ప్రాణం అనుకునేదాన్ని. నువ్వు దాన్ని కంఠతా పట్టావన్నమాట."

"ఒక్క గీత పడనివ్వలేదు బండికి" అన్నాడు నాన్న ఎట్టకేలకు. "పదిహేడేళ్ళు. ఏ స్పీడు బ్రేకరు ఎక్కడుందో నా నడుముకి తెలుసు. ఏ మలుపులో ఏ కొట్టు వాసనొస్తుందో తెలుసు. కళ్ళున్న వాళ్ళు గుద్దుతున్నారు. నేను గుద్దలేదు."

"ఇంతవరకు."

ఆ మాట చెంపదెబ్బలా తగిలినట్టుంది. తర్వాత ఆయన గొంతు పూర్తిగా మెత్తబడింది. ఆ మెత్తదనం చూసి గువ్వకు ఎక్కువ భయం వేసింది.

"చూడమ్మా. పైన చూశావే, అదంతా తీసుకో. తెర, ఆ ఇనపచెయ్యి, అన్నీ. కాలేజీకి నువ్వు రాసింది రాశావు, పోనీ. నేనేమీ అనను. నా సంగతి మటుకు మీ అమ్మ దగ్గర ఎత్తకు. ఇంకొక్క నాలుగేళ్ళు. నీ చదువైపోగానే నేనే దిగిపోతాను."

నెల రోజులుగా ఏ మాట కోసం పోట్లాడిందో ఆ మాట ఒళ్ళో వచ్చి పడింది. పట్టుకుంటే చాలు. పైనున్న ఆ నల్లటి తెర, ఆ పసుపు అక్షరాలు కళ్ళముందు మెదిలాయి. దానితో మొదటిసారి ఒక పట్టికను అడ్డంగా ఈ చివర నుంచి ఆ చివరిదాకా చదవగలననిపించింది ఆమెకు.

"వద్దు" అంది.

"ఏమిటి వద్దు?"

"ఈ బేరం వద్దు. నా కంప్యూటరు కోసం నీ బస్సులో అరవై మందిని ఎక్కించలేను నాన్నా."

"పెద్ద మాటలు నేర్చావు!" ఆయన విసురుగా లేచాడు. "స్టీరింగు మీంచి దింపేస్తే నేనేం చెయ్యాలి? మా నాన్నలా అటక కింద కూర్చుని గోడ చూడాలా? నువ్వు చూశావా ఆయన్ని? నేను చూశాను. ఇరవై ఏళ్ళు చూశాను!"

"తాతయ్య దాచాడు. నువ్వూ దాస్తున్నావు. నేను దాచను. గోడ కూడా చూడను."

ఆయన ఏదో అనబోయాడు. ఇంతలో జేబులో ఫోను మోగింది. ఎవరో చూడకుండానే చెవికి ఆనించాడు.

"ఆఁ, సూపర్‌వైజరు గారూ... ఇవాళ నాకు సెలవండీ... ఎవరు, జ్వరమా అతనికి?... బడిపిల్లల విహారయాత్రా... ఆనకట్ట దాకానా..." కూతురు తననే చూస్తోందని తెలుసు. నిటారుగా నిలబడ్డాడు. "వస్తానండీ. వ్యాను పంపండి. ఎందుకు రాను?"

"ఆనకట్ట దారి నీకు తెలుసా?" అంది గువ్వ.

"రోడ్డన్నాక ఎటో ఓ వైపు పోతుంది" అని ఆయన ఇంటివైపు నడక మొదలుపెట్టాడు.

* * *

ఇంటికి వచ్చీ రాగానే నాన్న గదిలోకి పోయి తలుపు వేసుకున్నాడు. బీరువా తలుపు చప్పుడైంది. యూనిఫారం తీస్తున్నాడు.

వంటింట్లో అమ్మ గిన్నెలు కడుగుతోంది. గువ్వ కొళాయి కట్టేసింది.

"అమ్మా, నాన్నకి కూడా ఉంది. నా జబ్బే. ఎదురుగా ఉన్న బస్సు బోర్డు కనపడలేదు. ఇప్పుడు బడిపిల్లల్నెక్కించుకుని ఆనకట్టకి వెళ్తున్నాడు."

అమ్మ ఆశ్చర్యపోలేదు. తడి చేతులు చీరకు తుడుచుకుంది, తుడిచిన చేతుల్నే మళ్ళీ తుడుచుకుంది.

"తెలుసు" అంది.

"తెలుసా?"

"నాలుగేళ్ళయింది. రోజూ నేను మొదటి ట్రిప్పులోనే పనికి పోతానెందుకనుకున్నావు? నేను పనిచేసే పళ్ళ డాక్టరు తొమ్మిదింటికి గానీ ఆసుపత్రి తెరవడు. మీ నాన్నకి పొద్దుటి ఎదురెండలో లైట్లు కనపడవు. ఆయన వెనక సీట్లోనే కూర్చుని నేను చెప్తుంటాను, ఎరుపు, పచ్చ అని. ఎవరికీ అనుమానం రాకుండా. ఫోను మాట్లాడుతున్నట్టు నటిస్తూ."

చెవికి ఫోను ఆనించుకుని, నవ్వు మొహం పెట్టుకుని, నాలుగేళ్ళుగా రోజూ ఎవరితోనూ మాట్లాడకుండా మాట్లాడుతున్న అమ్మ గువ్వ కళ్ళకు కట్టింది. ఆమె వెనక చంటిపిల్లలతో, కారియర్లతో, కునికిపాట్లు పడుతున్న జనం.

"మిగతా ట్రిప్పులు?"

"గుర్తు మీద లాగిస్తారు."

"ఇవాళ గుర్తేముందమ్మా? తెలియని రోడ్డు. వచ్చేటప్పుడు సాయంత్రం ఎదురెండ. నువ్వు పక్కన ఉండవు. బండి నిండా పిల్లలు. ఏం చేద్దామంటావు?"

"నన్ను తినకే తల్లీ" అంది అమ్మ. "ఆయన కళ్ళతో పాటు ఆయన పరువు కూడా పోతుందని... నేనేం చెయ్యను?"

"నీకు తెలియకపోతే నాకు తెలుసు."

గువ్వ గబగబా ముందుగదిలోకి వెళ్ళి, వీధి తలుపు మూసి, దానికి వీపు ఆనించి నిలబడింది. గదిలోంచి నాన్న వచ్చాడు. ఖాకీ చొక్కా గుండీలు పైదాకా పెట్టుకుని, జుట్టు తడిపి దువ్వుకుని. ఆ బట్టల్లో ఆయన ఎప్పుడూ జానెడు ఎక్కువ పొడుగ్గా కనపడతాడు.

"అడ్డులే."

"లేవను."

"ఒసే, నేను నీ తండ్రినే!"

"అందుకే లేవను. వేరేవాళ్ళ నాన్నయితే పోలీసులకు చెప్పేదాన్ని."

నాయనమ్మ మంచం మీంచి లేచి కూర్చుంది. "వాడు చెప్పింది వినవే పిల్లా" అనబోయి, కొడుకు వైపు చూసింది. కొడుకు కూతురి మొహంలోకి చూడటం లేదు. ఆమె చెవి వైపు చూస్తున్నాడు. నాయనమ్మ చెయ్యి మెల్లిగా తన నోటికి అడ్డం వెళ్ళింది.

బయట వ్యాను వచ్చి ఆగింది. హారను రెండుసార్లు మోగింది.

నాన్న కూతురి భుజం పట్టుకుని పక్కకు లాగాడు. గట్టిగా కాదు, కానీ లాగాడు. జన్మలో మొదటిసారి. గువ్వ గుమ్మం చెక్క పట్టుకుని కదల్లేదు. "లాగు. ఇంకా లాగు. నీ చేతులు బాగానే ఉన్నాయిగా" అంది, కళ్ళనీళ్ళు కారుతున్నా తుడుచుకోకుండా.

అప్పుడు వంటింట్లోంచి అమ్మ వచ్చింది. ఇద్దరి మధ్యనుంచి చెయ్యి పోనిచ్చి తలుపు గడియ పెట్టింది. పైది పెట్టింది, కిందదీ పెట్టింది. భర్త చేతిని కూతురి భుజం మీంచి తీసి, తన చేతిలో పట్టుకుంది.

"ఏమండోయ్! డిపో వ్యానండీ! పిల్లలు ఎండలో నిలబడ్డారు, త్వరగా రమ్మంటున్నారు!" బయటినుంచి డ్రైవరు కేక.

"ఆయన రారు" అంది అమ్మ, తలుపు ఇవతలి నుంచే.

"రారా? ఇప్పుడేగా వస్తానన్నారు! ఏమైందమ్మా? ఒంట్లో బాగాలేదా?"

నాన్న చెయ్యి అమ్మ చేతిని బిగించి పట్టుకుంది. జ్వరమని చెప్పు, అంటోంది ఆ పట్టు. ఒక్క మాట చాలు. జ్వరమంటే ఇవాళ గడిచిపోతుంది, రేపు పొద్దున మళ్ళీ పన్నెండో నంబరు.

గువ్వ తల పక్కకు వాల్చి అమ్మ మొహం చూసింది.

"ఏమైందని చెప్పమంటారమ్మా డిపోలో?" బయటి గొంతు మళ్ళీ అడిగింది.

అమ్మ ఒకసారి ఊపిరి పీల్చుకుని, తలుపుకు మరీ దగ్గరగా జరిగి, నోరు తెరిచింది.